దోమల సినిమాలో టోపీ మనిషి

ఆ రోజుల్లో సినిమా నచ్చాలంటే అది అర్థం కావాలన్న షరతు ఉండేది కాదు. ఇప్పుడు మా ఇంట్లో ఏదన్నా సినిమా పెట్టాలంటే ముందు దానికి ఎన్ని చుక్కలు వచ్చాయో చూసి, ఎవరు బాగుందన్నారో ఎవరు పెదవి విరిచారో చదివి, ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చేసరికి అన్నం వేళ అవుతుంది. నేను డిగ్రీ అయిందనిపించి, ఏన్కూరులో మా నాయన మిర్చి తోటకు పనికిరానని ఊరందరి ముందు తేలిపోయి, భద్రాచలంలో ఒక స్వచ్ఛంద సంస్థలో కాంట్రాక్టు కొలువుకు కుదిరిన కాలంలో అట్లా కాదు. ఏ డిస్కు చేతికి దొరికితే అదే సినిమా. బస్టాండు పక్కన గోనెపట్టా మీద పరిచి అమ్మేవాడు అట్ట మీద ఒక బొమ్మ పెట్టేవాడు, లోపల ఇంకో సినిమా పెట్టేవాడు, మనం మూడోదేదో అనుకుని కొనుక్కునేవాళ్ళం. ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు.

అట్లా ఖమ్మంలో, కార్లు గాల్లో ఎగురుతున్న అట్ట చూసి నేను కొనుక్కొచ్చిన డిస్కులో కార్లు ఎగరలేదు. రంగులూ లేవు. ఏనాటిదో ఇంగ్లీషు సినిమా. మొదట్లో పేర్లు పడే చోట డిస్కు ఎగిరి ముందుకు దూకేది కాబట్టి దాని పేరు నాకు ఇవాళ్టికీ తెలియదు. తెర నిండా వాన. వీధి దీపం కింద కనుబొమల దాకా టోపీ దించుకున్న ఒక మనిషి. ముఖం సగం వెలుగులో, సగం చీకట్లో. ఇంట్లోకి పోతే కిటికీ చెక్కల నీడ ఆయన చొక్కా మీద చారలు చారలుగా, ఈతచాప ఎత్తిపట్టినట్టు పడేది. పెదవులు కదపకుండా మాట్లాడేవాడు. ఒక్క ముక్క నాకు అర్థమైతే ఒట్టు. (ఇంగ్లీషు పేపర్లో నన్ను గట్టెక్కించింది నా చదువు కాదు, దిద్దిన మాస్టారి జాలి.) అయినా ఆ సినిమా నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ మనిషి అగ్గిపుల్ల గీస్తే చాలు, ప్రపంచంలోని దుఃఖమంతా ఆయనకు తెలుసనిపించేది. నేనూ అట్లా కావాలని ఒక సాయంత్రం కాలరు పైకి లేపుకుని, టీ కొట్టు ట్యూబులైటు కింద తల వంచి, కళ్ళు సగం మూసి నిలబడ్డాను. కొట్టాయన గ్లాసు అందిస్తూ నా ముఖం వైపు చూసి, "చలి పెడ్తుందా సారూ, దవాఖానాకు పోయి రక్తం చూపించుకోరాదు" అన్నాడు.

అది ఆయన తప్పు కాదు. వానలు పడ్డాక ఆ వైపు ఎవరు ముఖం వేలాడేసినా ముందు మలేరియానే గుర్తొచ్చేది. మా సంస్థ పనీ అదే. జీపులో ఒక టీవీ, డిస్కు ప్లేయరు, జనరేటరు వేసుకుని అడవి ఊళ్ళకు పోయి చలిజ్వరం మీద సినిమా చూపించాలి. ఆ సినిమాలో రంగయ్య అనే రైతు దోమతెర లేకుండా పడుకుంటాడు. జ్వరం వస్తుంది. పక్కింటాయన నవ్వుకుంటూ వచ్చి దోమతెర కట్టుకోమంటాడు. రంగయ్య కట్టుకుంటాడు. ఊరంతా కలిసి పాట పాడుతుంది. పాట అయ్యాక నేను లేచి, "చూసిండ్రు గదా, అందరు దోమతెర కట్టుకోవాలె" అని చెప్పాలి. జనం "ఏది దోమతెర?" అని అడగాలి. నేను "వస్తది" అనాలి. (ఈ చివరి రెండూ నా నియామక పత్రంలో లేవు గానీ తప్పకుండా జరిగేవి.)

ఆ దోమతెరల సంగతి మా పై సారును అడిగితే ఒకటే మాట. "అవగాహన ముందు, తెర తర్వాత. అవగాహన లేనివాడికి తెర ఇస్తే వాగులో చేపలు పడతాడయ్యా." ఆయన సత్తుపల్లి వైపు మనిషి. బట్టతలకు ఎండ తగలకుండా అంచులు వంగిన గోధుమరంగు టోపీ పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి వెనకాల అందరం టోపీ సారు అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ప్రతి పనీ ఒక పద్ధతిలో జరగాలనేవాడు. ఆ పద్ధతేమిటో ఆయనకూ ఇంకా తెలియదని నా అనుమానం. ఆ నెల నన్ను పిలిచి, "నీ మీటింగు ఫొటోల్లో మనుషుల కంటే గోడలు ఎక్కువ కనిపిస్తున్నాయి. ఈసారి నేనే తనిఖీకి వస్తా. జనం లేకపోతే నీ కాంట్రాక్టు నేను కాపాడలేను" అని మెత్తగా చెప్పాడు. ఇంటికి తిరిగిపోతే మిర్చి తోటే గతి. మా నాయన ముఖం తలుచుకుని నాకు నిజంగానే చలి పుట్టింది.

తనిఖీకి ఎంచుకున్న ఊరు చర్ల దారిలో వాగు దాటి లోపలికి ఉంది. ఆ పొద్దున బడి గది కిటికీలకు యూరియా సంచులు కుట్టిన పట్టాలు కట్టి చీకటి చేసి, జనరేటరు ఆన్ చేసి కూర్చున్నాం. మేమంటే నేనూ, జీపు డ్రైవరు హారన్ మామ. (ఆ జీపులో మాట వినేది హారనొక్కటే. అందుకని ఆయన దాన్ని ప్రతి పనికీ వాడేవాడు, కోపానికీ సంతోషానికీ కూడా.) ఆ ఊరి అంగన్‌వాడీ అక్క ఇల్లిల్లూ తిరిగి పిలిచొచ్చింది. వచ్చింది ముగ్గురు. ఊరి పెద్దాయన మర్యాద కోసం వచ్చాడు. ఒక అవ్వ నన్ను నాలుగు మాటలు అడుగుదామని వచ్చింది. అక్క వాళ్ళాయన మాత్రం రాలేదు, ముందు నుంచే ఉన్నాడు. జ్వరంతో బడి అరుగు మీద కంబళి కప్పుకుని పడుకున్నవాణ్ణి అక్క లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. ఆ వానాకాలంలో ఆయనకు జ్వరం తగ్గడం, మళ్ళీ రావడం ఒక వరసగా నడుస్తోంది. పళ్ళు కొట్టుకునే చప్పుడు జనరేటరు మోతలో కూడా వినబడుతోంది.

"మళ్ళ రంగయ్యనేనా?" అంది అవ్వ.

"అవ్ అవ్వా."

"వానికి ఎన్నిసార్లొస్తది జ్వరం. వానికన్న తెర ఉంది. మాకేది?"

"వస్తది" అన్నాను. అవ్వ లేవబోయింది. హారన్ మామ నా చెవి దగ్గరికి వంగి, "అల్లుడూ, నీ టోపాయన సినిమా సంచిలనే ఉంది గదా. అది పెట్టు. కొత్తది అనంగనే జనమొస్తరు. సారొచ్చి చూసి పోయినంక రంగయ్యను పెడ్దాం" అన్నాడు. నా ముఖం చూసి, "మిర్చి తోట" అని ఒక్క మాట కలిపాడు. నేను డిస్కు మార్చాను. అక్క బయటికి పోయి, కొత్త దోమల సినిమా వచ్చింది, ఫారిన్‌ది అని చెప్పింది. కాసేపట్లో గది నిండింది. తలుపు దగ్గర కూడా జనం.

తెర మీద వాన మొదలైంది. మొదటి ప్రశ్న పెద్దాయనది. "టీవీకి రంగు పోయిందా?" హారన్ మామ లేచి టీవీ నెత్తి మీద రెండు చరిచాడు. రంగు రాలేదు. తర్వాత మాటలు మొదలయ్యాయి. ఇంగ్లీషు మాటను నేను తెలుగులో చెప్పాలి, నా తెలుగును, అది అంతగా రానివాళ్ళ కోసం, అక్క కోయ భాషలో చెప్పాలి, మధ్యలో జనరేటరు మోత. టోపాయన తెర మీద నాలుగు వాక్యాలు మాట్లాడితే నాకు నాలుగు మాటలు కూడా అందేవి కావు. కాబట్టి "బాధపడుతున్నడు" అనేవాణ్ణి. అక్క దాన్ని ఇంత పొడుగున చెప్పేది. ఆమె ఏం చెప్పేదో నాకు తెలియదు గానీ జనం తలలూపేవారు.

చూస్తున్నకొద్దీ వాళ్ళకు దారి దొరికింది. నాకు చూపు తిప్పుకోనివ్వని ఆ చీకటి వాళ్ళకు వింతేం కాలేదు. "ఆ దేశంల గూడ కరెంటు రాదన్నట్టు" అన్నాడు పెద్దాయన, కొంచెం సానుభూతిగా. టోపాయన కోటు గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని వానలో నడిచాడు. అవ్వ వేలు చూపించింది. "చలి." ఆయన గదిలోకి వచ్చి నుదురు తుడుచుకున్నాడు. "చెమట." రాత్రంతా మంచం మీద దొర్లి, లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "నిద్ర పట్టదు. గట్లనే ఉంటది." చిన్న గ్లాసులో ఏదో పోసుకుని ఒక్క గుక్కలో మింగి ముఖం చిట్లించాడు. "చేదు మందు." కంబళిలోంచి అక్క వాళ్ళాయన మొదటిసారి నోరు విప్పి, "పాపం" అన్నాడు. ఇంకొకాయనకు సిగరెట్టు సంగతీ తెలిసిపోయింది. ఊరికే పీల్చడానికైతే అంత పొగ ఎందుకు, ఇంట్లో దోమలకు పొగబెడుతున్నాడు.

నేను నోరు తెరిచి కాదని చెబుదామనుకున్నాను. అప్పుడు నాకే అనుమానం వచ్చింది. ఆ సినిమాను నేను భద్రాచలంలో నా గదిలో ఎన్నోసార్లు చూశాను. ఆయనెందుకు చెమటలు కక్కుతున్నాడో, ఎందుకు పడుకోడో, మండే దీపం కింద కోటెందుకు విప్పడో నాకు ఏనాడూ తెలియలేదు. లోకం మీద విరక్తి అనుకున్నాను. రక్తం చూపించుకోలేదన్న సంగతి తట్టలేదు.

అంతలో ఆమె వచ్చింది. మోచేతుల దాకా నల్లటి తొడుగులు, తల మీద చిన్న టోపీ, ఆ టోపీ నుంచి ముఖం మీదికి జారిన సన్నటి వల. ఆమె అట్లా మెట్లు దిగుతుంటే నా గదిలో నాకు గుండె ఆగినంత పనయ్యేది. ఇక్కడ గదంతా ఒక్కసారి కదిలింది.

"దోమతెర" అంది అవ్వ.

"దోమతెర" అన్నారు వెనకాల ఆడవాళ్ళు. చేతులకు తొడుగులు కూడా చూశారు. ఒక్క దోమ వాలే సందు లేదు. ఇట్లాంటి తయారీ వాళ్ళు రంగయ్య సినిమాలో కూడా చూడలేదు.

"ఈమెవరు ఆయనకు?" అని అడిగింది అక్క. అంతమంది ఆడవాళ్ళ ముందు ఏం చెప్పాలో తోచక "చెల్లె" అనేశాను. అక్క చెప్పింది. కాసేపటికే టోపాయన ఆమె నడుం మీద చెయ్యేసి దగ్గరికి తీసుకున్నాడు. అందరూ తెర వదిలి నా వైపు తిరిగారు. నేను గబగబా "చెల్లె గాదు, మేనమామ బిడ్డ, నేనే తప్పు విన్న" అన్నాను. అక్క నా వైపొకసారి చూసి అదీ చెప్పింది. అందరూ ఊపిరి తీసుకున్నారు. మేనమామ బిడ్డయితే ఇక బాధ లేదు.

ఆ తర్వాత కథ నా చేతుల్లోంచి పోయింది. ఆమెకొక లావుపాటి మొగుడున్నాడు, పెద్ద మేడ ఉంది. మేడలో గోడకు ఇనప పెట్టె, దానికి తాళం. ఆ లావాయన దాన్ని తెరిచి లోపలికి చూసుకుని మళ్ళీ మూస్తాడు. ఏముందో మనకు చూపించరు. జనానికి చూపించక్కర్లేదు, తెలిసిపోయింది. దోమతెరలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం తీసి పెండ్లానికిచ్చుకున్నాడు. బయట టోపాయన తెర లేక జ్వరంతో తిరుగుతున్నాడు. కొంతసేపటికి లావాయన నీళ్ళలో శవమై తేలాడు. ఎవరూ అయ్యో అనలేదు.

"ఎవరు చంపిండ్రు?" అని నన్నడిగారు. నాకు తెలిస్తే కదా. ఎందుకంటే మేనమామ బిడ్డ చీకట్లో నడిచిపోయి, తొడుగు తీసి, ఆ ఇనప పెట్టె తాళం తిప్పి, తలుపు మీద చెయ్యి వేయగానే నా డిస్కు ఆగిపోతుంది. ఎప్పుడూ అక్కడే. తుడిచినా ఊదినా అంతే. ఇప్పుడూ ఆగింది. తెర మీద ఆ చెయ్యి, ఆ తలుపు, అంతే.

"ఇక నడవది" అన్నాను. ఎవరూ లేవలేదు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో తగువు తీర్చేటప్పుడు ఎట్లా కూర్చుంటారో అట్లా సర్దుకుని కూర్చున్నారు. పెట్టెలో ఏముందన్నది ముందు తేలాలి, ఎవరు చంపారన్నది తర్వాత. బంగారమని ఒకాయన అన్నాడు. జ్వరమొచ్చినోడు బంగారమేం చేసుకుంటాడని అవ్వ కొట్టిపారేసింది. "తెరలే" అంది. "నేను చెప్తున్న."

అప్పుడు తలుపు తెరుచుకుంది. బయట మిట్టమధ్యాహ్నం. ఆ ఎండను వీపున వేసుకుని గుమ్మంలో ఒక నల్లటి ఆకారం నిలబడింది, కనుబొమల దాకా టోపీ. దాని నీడ కూర్చున్నవాళ్ళ తలల మీదుగా సాగి వచ్చి టీవీ దాకా పడింది. ముఖం కనపడలేదు. ఆ సినిమా అంటే నాకెందుకంత మోజో ఆ క్షణంలో తెలిసింది. ముఖం కనపడని మనిషి ఏం చేసి వచ్చాడో మనకు తెలియదు. అందుకే అన్నీ చేసే వచ్చి ఉంటాడనిపిస్తుంది. అది మా టోపీ సారని తెలిసి కూడా నా ఒళ్ళు జలదరించింది.

అవ్వకు మాత్రం జలదరించలేదు. నాకంటే తెలిసినవాడెవరో వచ్చాడనుకున్నట్టుంది. "పెట్టెల ఏముంది?" అని సూటిగా అడిగింది.

సారు లోపలికి వేయబోయిన అడుగు ఆగింది. "ఏ పెట్టె?"

"తాళమేసిన పెట్టె. నీకు తెల్వదా?"

సారు టోపీ సర్దుకున్నాడు. "మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పుడేంది. అందరం చూసినం" అంటూ పెద్దాయన టీవీ వైపు చెయ్యి చాపాడు. టీవీ పక్కన నేను నిలబడి ఉన్నాను. ఎండలోంచి చీకట్లోకి వచ్చిన సారు కళ్ళకు ఆ చెయ్యి నా వైపే ఉన్నట్టు కనిపించిందట. గది నిండా జనం, అందరి కళ్ళూ తన మీదే. ఆయన మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను దాచిపెట్టలేదండీ" అన్నాడు. అండీ అనడం నేను మొదటిసారి విన్నాను. "పెట్టెల్లో దోమతెరలే ఉన్నాయి. ఒక్కటి కూడా బయటికి పోలేదు. ఎండాకాలంలోనే వచ్చాయి. పెద్దలెవరైనా వచ్చి ప్రారంభిస్తే పద్ధతిగా ఉంటుందని ఆఫీసు వెనక గదిలో పెట్టించా. ఇవాళ వస్తాం రేపు వస్తాం అంటున్నారు, తేదీ ఇవ్వట్లేదు."

అక్క అలవాటు కొద్దీ ఆ మాటలన్నీ కోయలో చెప్పేసింది. అవ్వ తృప్తిగా చుట్టూ చూసింది. "నేను చెప్పిన గదా తెరలేనని." ఆమె లెక్కలో బంగారమన్నాయన ఓడిపోయాడు, అంతే. అక్క ఆమె భుజం తట్టి, "అవ్వా, ఆ పెట్టె గాదు. మనయి. మన తెరలు, భద్రాచలంల ఉన్నయట" అంది. చివరి మాట అంటూ ఆమె కంబళిలోని మనిషి వైపు చూస్తోంది. ఒక్క కోపం మాట లేదు, కేక లేదు. జనరేటరు మాత్రం మోగుతోంది. పెద్దాయన లేచి, తుండు భుజాన వేసుకుని బయటికి నడిచి, జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. అది సారు సీటు.

సారూ నేనూ వెనక కూర్చున్నాం. భద్రాచలం దారిలో వాగు దాటాక సారు, "నువ్వే చెప్పావు కదూ?" అన్నాడు.

"లేదు సార్. సినిమాల చూసిండ్రు."

"రంగయ్య సినిమాలో పెట్టెలెక్కడివయ్యా?"

హారన్ మామ దారిలో ఎవరూ లేకపోయినా పొడుగ్గా హారన్ కొట్టాడు.

పొద్దుగూకక ముందే పెట్టెలు ఊళ్ళోకి దిగాయి. అప్పటికి సారు కొంచెం తేరుకున్నాడు. ప్రారంభోత్సవం లేకుండా పంచితే పద్ధతి కాదని గొణిగాడు. అక్క ఒక పిల్ల జడలోంచి ఎర్ర రిబ్బను విప్పి తెచ్చి పెట్టెలకు అడ్డంగా కట్టింది. కత్తెర దొరకలేదు. అవ్వ కొడవలితో కోసింది. కొడవలి పట్టుకున్న అవ్వ, పక్కన చేతులు కట్టుకున్న సారు, వెనకాల నవ్వుతున్న ఊరు. ఆ ఫొటోలో ఒక్క గోడ కూడా కనిపించదు. మొదటి తెర అక్క తీసుకుపోయి వాళ్ళాయన మంచానికి కట్టింది. దవాఖానా మందులూ తెరా కలిసి పనిచేశాయేమో, వరి కోతల నాటికి ఆయన తన కాళ్ళ మీద తాను నడిచి భద్రాచలం సంతకొచ్చి నాకు సీతాఫలాలు ఇచ్చిపోయాడు.

నా కొలువు ఊడుతుందని బట్టలు సర్దుకున్నాను. ఊడలేదు. ఆ ఫొటోనూ, ఫారిన్ దోమల సినిమా చూపించామని దాని కింద నేను రాసిన ముక్కనూ చూసిన పైవాళ్ళకు ఎంతో నచ్చి, అంతమందిని కదిలించిన ఆ విదేశీ మలేరియా చిత్రాన్ని అన్ని ఊళ్ళలోనూ చూపించమని చెప్పారు. సారు ఆ ఆదేశం నా చేతిలో పెట్టి, "ఒకసారి నేనూ చూడాలి" అన్నాడు. చూశాడు. చూసి, తన టోపీ అంచు తడుముకుంటూ, "ఆ టోపీ ఎక్కడ దొరుకుతుందో" అన్నాడు.

ఆ సీజనంతా నేను చలిజ్వరం కోసం ఆ సినిమా వేసుకుని తిరిగాను. (ఈసారి దోమతెరల పెట్టెలు కూడా జీపులోనే ఉండేవి. సారు ఏ ఊళ్ళోనూ మళ్ళీ ఆ ప్రశ్న వినదలుచుకోలేదు.) ఒక ఊళ్ళో లావాయనను చంపింది వరద అన్నారు. ఇంకో ఊళ్ళో ఆయన చావలేదు, జ్వరం తలకెక్కి పడిపోయాడన్నారు. నేను ఎక్కడా కాదనలేదు. సీజను చివరికి ఆ డిస్కు పూర్తిగా గీతలు పడి, వాన కూడా పడకుండా పోయింది. మరుసటేడు ప్రాజెక్టూ ముగిసింది. నేను వేరే ఉద్యోగం వెతుక్కున్నాను.

ఇప్పుడు ఖమ్మంలో మాకు సొంత ఇల్లుంది, గోడంత టీవీ ఉంది. అట్లాంటి పాత నలుపు తెలుపు సినిమాలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, కింద అక్షరాలు కూడా పడతాయి. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక కర్టెన్లు దించి, దిండు సర్దుకుని, ఎంతో శ్రద్ధగా ఒకటి పెట్టుకుంటాను. మొన్న కూడా పెట్టాను. ఎవరో మెట్లెక్కుతున్నారు, కింద అక్షరాలు స్పష్టంగా పడుతున్నాయి, ఎవరికీ దేనికీ నన్ను అర్థం అడగాల్సిన అవసరం లేదు. కళ్ళు తెరిచేసరికి కర్టెన్లు తీసి ఉన్నాయి, మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయిందా?" అన్నాను.

"ఎప్పుడో."

"ఎవరట చంపింది?"

"నాకేం తెలుసు. నువ్వు గురక పెడుతుంటే వాళ్ళ మాటలు ఎవరికి వినబడ్డయి" అని గ్లాసు చేతిలో పెట్టింది. టీ వేడిగా ఉంది. ఊదుకుంటూ తాగాను.